తొమ్మిదో నంబరు బావి

హాథర్లో, దిగువ వీధి
మార్చి 11, 1986

మ్యూరియెల్ వదినకు,

మీ కార్డు అందింది. సముద్రం బొమ్మ బాగుంది గాని అలలు అంత పైకి లేస్తున్నాయేమిటి? మీ గది కింది అంతస్తులో కదా. కిటికీ గడియ గట్టిదేనా? తుంటి నొప్పి సంగతి మీరు రాయలేదు. రాయలేదంటే ఎక్కువైందని నేననుకుంటాను. అలా అనుకునేదాన్నని తెలిసి కూడా రాయలేదు. ఈసారి రాయండి.

ఇక్కడ ఒక పని నా మెడకు పడింది. నిన్న చాపెల్ వెనక గదిలో బావుల కమిటీ కూర్చుంది. జనవరిలో మీరు వెళ్ళిపోయాక ఇదే మొదటి సమావేశం. కమిటీ పెద్ద ఆల్సప్ గారు ఊళ్ళోకి వచ్చేవాళ్ళకిచ్చే పటం ఈ ఏడు కొత్తగా అచ్చు వేయిస్తారట. ఒకటో నంబరు సంతమండపం, రెండు దిబ్బ మీది కోట, మూడు రాతి వంతెన, నాలుగు సున్నపు గుహ, అలా పోయి పోయి, ఏటా జూలైలో మట్టి పరిచిన చెక్క పలకల మీద పూల రేకులతో బొమ్మలు పేర్చి నిలబెట్టే బావులు వస్తాయి. ఎప్పటిలాగే చిట్టచివర తొమ్మిది మనది. అయితే పోయినేడు మన పలక రెండో రోజుకే పగిలి మట్టి ఊడి, మేకులు బయటపడి, టూరు బస్సుల వాళ్ళంతా దాన్ని చూసి వెళ్ళారు కాబట్టి, ఈ ఏడు వారం రోజులూ నిలిస్తేనే తొమ్మిదో నంబరు ఉంటుందట. లేకపోతే పటం ఎనిమిదితో ఆగుతుంది. అప్పుడు బస్సులు సంతమండపం దగ్గరే తిరిగిపోతాయి. దిగువ వీధికి ఇక ఎవరూ దిగరు.

ఆయన చెప్పింది పటం గురించే. చూపులన్నీ మాత్రం నా మీదే ఉన్నాయి. మట్టి తొక్కింది నేనే కదా. మట్టి ఎండి పగలకుండా కలిపే ఉప్పు మరిచిపోయానని అప్పుడే తేల్చేశారు. వేశాననే నాకు గుర్తు. కాని అప్పట్నుంచీ అందరూ వేయలేదంటుంటే, ఆ రోజు నా చేతిలో ఉన్నది ఉప్పు పొట్లమో చక్కెర పొట్లమో ఇప్పుడు నాకే సందేహంగా ఉంది.

మన బావికి ఈసారి పెద్ద ఎవరని అడిగారు. పక్కనే కూర్చున్న డాట్ బాగ్‌షా నా ముంజేయి పట్టుకుని పైకెత్తింది. ఎంత సేపటికీ దించనివ్వలేదు. ఆల్సప్ గారు రాసేసుకున్నారు.

వదినా, పదమూడో ఏట బడి మాని నూలు మిల్లుకు పోయినదాన్ని నేను. నలభై ఏళ్ళు మీరు నిలబెట్టిన పలక నా చేతిలో పెట్టడం ఏం న్యాయం? నాకు చేతకాదని ఆల్సప్ గారికి మీరొక్క ముక్క రాయండి. మీ మాటైతే వింటారు.

మీ మరదలు
ఆల్మా


స్కెగ్నెస్
మార్చి 19

ఆల్మాకు,

అలలు నా కిటికీ దాకా రావు. మధ్యలో రోడ్డుంది, రోడ్డవతల పూలమొక్కలు నాటి చేసిన గడియారముంది, దాని అవతల పిల్లలు ఎక్కి తిరిగే గాడిదలు నిలబడే ఇసుక ఉంది. అవన్నీ దాటి నన్ను ముంచడానికి సముద్రానికి నామీద అంత కక్షేమీ లేదు.

ఆల్సప్‌కు నేను రాయను. ఇరవయ్యేళ్ళు నా పక్కన నిలబడి రేకులు అందించావు. మా తమ్ముడు విల్ఫ్రెడ్‌ను చేసుకుని మా ఇంటికి వచ్చిన ఏడాదే నీకు మట్టి అప్పజెప్పాను. నీకు చేతకాకపోతే నాకు మనుషులను చూడటం చేతకాదన్నమాట. ఆ మాట నేను ఒప్పుకోను.

చెప్తాను, పక్కన రాసి పెట్టుకో. మట్టిలో ఒక్క రాయి ఉండకూడదు. అరచేతి మందాన పరచు, అంతకు మించొద్దు. బొమ్మ కాగితాన్ని మట్టి మీద పరిచి సూదితో పొడిచి, ఆ చుక్కల వెంట ఏటి ఒడ్డు చెట్ల నల్ల కాయలు గుచ్చు. రేకులు కింది నుంచి పైకి పేర్చు, ఇంటి కప్పుకు పెంకులు వేసినట్టు. పై నుంచి మొదలెడితే వాన నీళ్ళు రేకుల కిందికి దూరి బొమ్మంతా జారి నీ ఒళ్ళో పడుతుంది. డాట్‌కు ఇది ఎన్నిసార్లు చెప్పినా పై నుంచే మొదలెడుతుంది, దాని చేతుల మీద ఓ కన్నేసి ఉంచు. రంగుకాగితం, గాజుపూస, ప్లాస్టిక్ ఏదీ దగ్గరికి రాకూడదు. మట్టిలో పెరిగినదే మట్టి మీద పెట్టాలి.

పోయినేటి సంగతి తవ్వకు. పోనీ.

బొమ్మ ఏది అనుకున్నావు? ఏలీయా ప్రవక్తను మళ్ళీ పెట్టొచ్చు, ఆ కాగితం నా అటక మీద పెట్టెలో ఉంది.

మ్యూరియెల్


హాథర్లో
మే 14

వదినకు,

తుంటి గురించి మళ్ళీ రాయలేదు. సరే.

అటక మీది ఏలీయాను ఎలుకలు కొట్టేశాయి. గడ్డం ఒక్కటే మిగిలింది. అందుకని, మీరు కోప్పడతారని తెలిసే చెప్తున్నాను, నేను కోడిని అనుకున్నాను. సువార్తలో ప్రభువు తన జనాన్ని పిల్లలను రెక్కల కింద చేర్చుకునే కోడితో పోలుస్తాడు కదా, ఆ కోడి. మనుషుల ముఖాలు నా చేతికి రావు. కోడినైతే పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. పాదిరి గారిని అడిగాను. కోడి కూడా బైబిల్లోదేనమ్మా అన్నారు.

రెక్కలకు ఎండు హైడ్రాంజియా రేకులు, పొట్టకు రూబార్బ్ గింజలు, పిల్లలకు పసుపు పచ్చని బంతి. బంతులు జూలై మొదటి వారానికి విచ్చుకుంటాయో లేదో అని రోజూ వెళ్ళి చూస్తున్నాను. చలి పడితే ఏం చెయ్యను? ముందే విచ్చుకున్నా ఏం చెయ్యను? వీధిలో ఆరిళ్ళ వాళ్ళ చేత పెట్టించాను. రోజుకో ఇంటి వాళ్ళు నన్ను చూడగానే తలుపు వేసుకుంటున్నారు.

డాట్ ఉప్పు మాట మానలేదు. సంతలో గుడ్లు కొంటుంటే వెనక నుంచి వచ్చి, గుడ్ల మీదికి ఉప్పుందా ఆల్మా, అప్పివ్వనా అంది. మాంసం కొట్టాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండు సంగతులు అడగాలి. మొదటిది, పలకలు మర వెనక మడుగులో ఎన్ని రోజులు నానాలి? ఆ పని ఎప్పుడూ మీదే, నేను చూడనే లేదు. రెండోది, ఆ రోజు మీరు నా పక్కనే ఉన్నారు. నేను ఉప్పు వేయడం మీరు చూశారా? చూడలేదన్నా ఫరవాలేదు. తెలిస్తే చాలు.

ఆల్మా


స్కెగ్నెస్
మే 29

ఆల్మాకు,

కోడి. నలభై ఏళ్ళు ప్రవక్తలనూ అపొస్తలులనూ నిలబెట్టిన చోట కోడి. ఉత్తరం చదివి టీ చల్లార్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఏలీయాకు ముక్కు నిలబెట్టడానికి నేను పడిన పాట్లు గుర్తొచ్చాయి. సరే, కోడినే పెట్టు. కాని పెద్దది పెట్టు. పలక నిండాలి. సిగ్గుపడుతూ మూల నక్కిన కోడిని పెట్టావంటే నేను ఒప్పుకోను.

ఇక్కడి వాళ్ళకు మన పలకల గురించి చెప్పాను. ఒకావిడ మా పూల గడియారం చూడలేదా అంది. చూశాను, అవి నాటిన పూలు, తోటమాలి నాటాడు, వాన పడితే ఇంకా బాగుంటాయి. మావి ఒక్కొక్క రేకూ వేలితో పేర్చినవి, వాన వస్తే మా ప్రాణాలు పోతాయి అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

పలకలు నాలుగు రోజులు నానాలి. ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోకు. ఎవరు చెప్పినా వినకు. రాళ్ళు పెట్టి ముంచు, తేలకూడదు. పొడి చెక్క మట్టిలో నీళ్ళు తాగేస్తుంది, ఆ తర్వాత నువ్వు ఎన్ని తంటాలు పడినా లాభముండదు. నాలుగు రోజులు.

రేకులు తడిచేత్తో పట్టకు.

మ్యూరియెల్


హాథర్లో
జూన్ 28, శనివారం

వదినకు,

పొద్దున పలకలు మడుగులోకి దించాం. డాట్ మొగుడు నెడ్ తోపుడు బండి మీద తెచ్చాడు. కలిపి బిగిస్తే ఒక్క పలకయ్యే నాలుగు చెక్కలూ మునిగాయి. ఒక్కోదాని మీద ఆరేసి రాళ్ళు పెట్టించాను. ఇదేమన్నా పారిపోయే పశువా అన్నాడు నెడ్. అయినా పెట్టాడు.

బుధవారం పొద్దున గాని తీయొద్దన్నాను. అంటే నెడ్ బుర్ర గోక్కుని, పోయినేడు మంగళవారం వేసి బుధవారమే తీశాం కదా, మ్యూరియెల్ గారే అలా చెప్పారు, ఒక్క రోజు సరిపోలేదా అన్నాడు. నీకు గుర్తులేదులే అన్నాను. గుర్తుంది, ఆ శనివారం బండి తెస్తే జలుబు చేసిందని వెనక్కి పంపించేశారు అన్నాడు. మరి ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదంటే, నన్నెవరడిగారు అన్నాడు.

నెడ్‌కు వయసు మీద పడింది. ఏ ఏటి సంగతి ఏ ఏటిదో కలిపేస్తున్నాడు. ఊరికే రాశాను.

బంతులు విచ్చుకున్నాయి. వానొస్తుందేమోనని భయంగా ఉంది. ఎండ కాస్తుందేమోనని కూడా. మీరు నడుస్తున్నారా? కర్రతోనా, కర్ర లేకుండానా?

ఆల్మా


స్కెగ్నెస్
జూన్ 30

ఆల్మాకు,

నెడ్ ఏదీ కలపలేదు. అతను చెప్పిందే నిజం.

ఆ శనివారం నేను మంచం మీంచి లేవలేకపోయాను. జలుబు కాదు. తుంటి. మడుగు గట్టు దిగి నిలబడలేనని తెలిసింది. దిగకుండా అజమాయిషీ చేయొచ్చు, నిన్ను పంపొచ్చు, నెడ్‌కు చెప్పి ఊరుకోవచ్చు. చెప్తే, మిస్ గ్రీటోరెక్స్ పని అయిపోయిందని సాయంత్రానికి ఊరంతా తెలిసేది. రేపు తగ్గుతుందిలే అనుకుని బండి తిప్పి పంపాను. ఆదివారం తగ్గలేదు. సోమవారం తగ్గలేదు. మంగళవారం గోడ పట్టుకుని దిగాను. ఇన్నేళ్ళ పాత చెక్క, ఒక్క రోజు నానితే చాలని నాకు నేనే చెప్పుకున్నాను.

చాలలేదు. పలక పగిలినప్పుడు ఎవరో ఉప్పు అన్నారు. అందరూ నీ వైపు తిరిగారు. ఆల్మా, నువ్వు ఉప్పు వేయడం నేను చూశాను. రెండు పొట్లాలు విప్పి, మూడోది కూడా విప్పాలా అని నన్నడిగావు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. ఆ తర్వాత ప్రతి రోజూ అనాల్సిన రోజు నిన్ననే అయిపోయినట్టుండేది. సముద్రం పక్కకు వచ్చింది తుంటి కోసమే కాదు.

ఈ ఉత్తరం చాపెల్ గదిలో అందరి ముందూ చదువు. డాట్ తప్పకుండా ఉన్నప్పుడు చదువు. నాకేమీ కాదు.

పలకలు బుధవారం దాకా తీయకు.

మ్యూరియెల్


హాథర్లో
జూలై 13, ఆదివారం

వదినకు,

మీ ఉత్తరం మంగళవారం అందింది. రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. ఆ నింద నామీద ఏడాదిగా ఉంది, మోస్తూనే ఉన్నాను, ఇంకో ఏడాది మోయగలను. మీరు మోయలేరు. అలవాటు లేదు. పైగా అది మన ఇంటి సంగతి. చాపెల్ గదిలో చదవడానికి అదేమన్నా కీర్తనా?

కాని ఆ బుధవారం మడుగు దగ్గరికి నేను వేరే మనిషిలా వెళ్ళాను. నెడ్ పలకలు లేపుతుంటే నీళ్ళు ధారలు కట్టాయి. మోయడానికి నలుగురు పట్టారు. మట్టి తొక్కేటప్పుడు డాట్ తలుపు దగ్గర నిలబడి, ఆల్మా, ఉప్పు వేశావా, చూసి ఊరుకున్నావా అంది. నేను తొక్కడం ఆపి ఒక ముద్ద తీసి దాని మూతి ముందు పెట్టాను.

“నాలిక పెట్టి చూడు.”

“పిచ్చా నీకు?”

“ఏడాదిగా అడుగుతున్నావు కదే, ఇవాళ తెలుసుకో.”

పెట్టింది వదినా. ఆ తర్వాత మూడు కప్పుల నీళ్ళు తాగింది.

గురువారం, శుక్రవారం పదకొండుమందిమి పేర్చాం. పై నుంచి మొదలెట్టబోయిన డాట్ చెయ్యిని రెండుసార్లు కిందికి దించాను. కోడి పలక నిండా వచ్చింది. రెక్కల చివరలు చట్రాన్ని తాకుతున్నాయి. ముక్కుకు రెండు మొక్కజొన్న గింజలు. పిల్లలు ఏడు. ఒకదాని కన్ను కాస్త వంకరైంది, దాన్ని చూసి ఇప్పటికీ మనసు పీకుతోంది.

శనివారం బ్యాండు వాయించుకుంటూ పాదిరి గారూ జనమూ ఒక్కో బావిని దీవిస్తూ చివరికి మన వీధిలోకి దిగారు. వీధి మొత్తం గుమ్మాల్లో నిలబడింది. మీ తమ్ముడి కోటు వేసుకున్నాను, ఎండ కాస్తున్నా.

సోమవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాన. నేను వెళ్ళి పలక మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. గొడుగు నీ మీద పట్టుకో ఆల్మా, అది తడవడానికే పేర్చిన కోడి అంది డాట్. అది అన్న మాట నిజమే. నీళ్ళు రేకుల మీది నుంచి రేకుల మీదికి జారి గట్టు మీద పడిపోయాయి. ఒక్కటి కూడా లేవలేదు. ఆ వానలోనే లెస్టర్ నుంచి టూరు బస్సు వచ్చింది. నలభైమంది దిగారు. ఇదేం రంగు అని ఒకాయన అడిగాడు. రంగు కాదండీ, అది హైడ్రాంజియా, అది రాతి మీది పాచి, ఆ గీతలన్నీ ఏటి ఒడ్డు కాయలు అని చెప్పాను. మొదలెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. డ్రైవరు వచ్చి కోటకు టైమైపోతోందని తొందర పెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఇంకో గంట ఉండలేదా అంది వాళ్ళలో ఒక ముసలామె. నాకు ఆమెను ఇంటికి తీసుకెళ్ళి టీ ఇవ్వాలనిపించింది. ఇచ్చాను కూడా. ఆమె చెల్లెలికీ ఇచ్చాను.

మంగళవారం, బుధవారం, గురువారం పొద్దున లేవగానే వెళ్ళి వేలితో అంచులు తడిమాను. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. శుక్రవారం ఏడో రోజు. ఆల్సప్ గారు వచ్చి కళ్ళజోడు మార్చుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశారు. సాయంత్రం సంతమండపంలో కమిటీ టీకి రమ్మన్నారు.

అక్కడ అందరూ ఉన్నారు. ఆల్సప్ గారు పుస్తకం తెరిచి, పోయినేడు పగిలిన కారణం ఉప్పని రాసి ఉంది, మార్చాల్సిందేమైనా ఉందా మిసెస్ గ్రీటోరెక్స్ అన్నారు. పలకలు సరిగా నానలేదు, అది దిగువ వీధి వాళ్ళందరి పొరపాటు అని రాయండి అన్నాను. అప్పుడాయన జేబులోంచి ఒక కవరు తీశారు. స్కెగ్నెస్ ముద్ర ఉంది. జూన్ ముప్పయ్యో తారీఖునే, నాకు రాసిన రోజే, మీరు ఆయనకూ రాశారు.

నేను చదవనని మీకెలా తెలిసింది? ఇరవయ్యేళ్ళు పక్కన నిలబెట్టుకుంటే తెలుస్తుంది కాబోలు.

ఆయన లేచి నిలబడి మొత్తం చదివారు. మట్టిలో తప్పు లేదు, నా పలకల్లో ఉంది అని. నా మరదలు తొక్కిన మట్టిలో ఇరవయ్యేళ్ళలో నా వేలికి ఒక్క రాయి తగల్లేదు అని. నాకు ఎటు చూడాలో తెలియలేదు. మీ మీద కోపమొచ్చింది. అందరి ముందూ మిమ్మల్ని మీరే దించేసుకున్నారని. కాని చూశాను, ఎవరూ మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడలేదు. మాంసం కొట్టాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

డాట్ లేచి వెళ్ళి నా కప్పు నింపి తెచ్చింది. తన పళ్ళెంలోని వెన్న బన్ను నా పళ్ళెంలో పెట్టింది.

“ఏడాదంతా నోరు మూసుకుని ఎందుకున్నావే?”

“నేనూ ఉప్పే అనుకున్నాను.”

అది నా చెయ్యి పట్టుకుంది. ఈసారి పైకెత్తలేదు.

తొమ్మిదో నంబరు పటంలో ఉంటుంది. ఆల్సప్ గారు అక్కడే రాసి చూపించారు. మంచి సిరాతో రాశారో లేదో, చెరిగిపోతుందేమో అని రెండోసారి అడిగి చూశాను.

నిన్న ఎనిమిదో రోజు. పలకలు దించాం. ఏటా ఆ రోజు మట్టి దానంతటదే పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతుంది, ఎవరో ఒకరు చీపురుతో ఊడ్చేస్తారు. నిన్న నెడ్ పలకను నేల మీద పడుకోబెట్టి తట్టాడు. ఏమీ రాలలేదు. గుంజాడు. రాలేదు. దీన్ని పగలగొట్టాల్సిందే ఆల్మా అని పార నా చేతికే ఇచ్చాడు. వీధి వాళ్ళందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. కోడి అలాగే ఉంది, ముక్కుతో సహా. నేను కొంగ కాళ్ళదాన్ని, నాకు బలమెక్కడిది అనుకున్నాను. అయినా పార ఎత్తాను.

మూడు దెబ్బలకు గాని విడలేదు వదినా.

మీ మరదలు
ఆల్మా